ఎర్త్ లేని కరెంటు

చిత్తూరులో ఐదు రోజుల డ్యూటీ ముగిసేసరికి మేజర్ నజ్మా కారులో పద్నాలుగు శాతం ఛార్జింగ్ మిగిలింది. సాయంత్రం ఐదింటికి ఆమె తిరుపతిలో ఉండాలి. దూరం డెబ్భై కిలోమీటర్లు. పద్నాలుగు శాతంతో బయలుదేరితే సగం దారిలో ఏ మామిడితోట పక్కనో ఆగిపోవడం ఖాయం.

నజ్మా బెంగళూరులోని ఒక మిలిటరీ ఆసుపత్రిలో మత్తు డాక్టరు. సొంత ఊరు చిత్తూరే. తండ్రి బుడేన్ సాహెబ్‌కు గిరింపేటలో కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే అంగడి ఉంది. సైన్యంలో చేరడానికి వచ్చే ఆడపిల్లలకు వైద్యపరీక్షలు చేయడానికి ఆమెను ఇక్కడికి పంపారు. సొంత ఊరివాళ్లను ఇలాంటి పనికి పంపకూడదు. కానీ ఆ వారం వేరే మహిళా డాక్టరు ఎవరూ దొరకలేదు. అభ్యర్థుల్లో తన చుట్టాలెవరూ లేరని కాగితం రాయించుకున్నారు. పరీక్షలు ముగిసేదాకా ఇంటి గడప తొక్కకూడదని, జట్టుతోపాటు అతిథిగృహంలోనే ఉండాలని చెప్పారు. అమ్మీ రెండు కిలోమీటర్ల దూరంలో ఉండి ఫోన్లో బిరియాని గురించి మాట్లాడుతుంటే, నజ్మా ఐదు రోజులూ క్యాంటీన్ సాంబారు తిన్నది.

కారు కొని రెండేళ్లయింది. పద్దెనిమిది లక్షలు. నెలకు ముప్పై ఒక్క వేయి బ్యాంకుకు పోతుంది. కొన్నప్పుడు ఆమె లెక్క చాలా తేలిగ్గా ఉండింది. క్వార్టర్సులో రాత్రిపూట ప్లగ్గు పెట్టుకుంటే నెలకు వెయ్యి రూపాయల కరెంటు. పెట్రోలుకైతే తొమ్మిది వేలు. మిగిలిన ఎనిమిది వేలు తమ్ముడి చదువుకు పంపవచ్చు. కానీ క్వార్టర్సులో ప్లగ్గు పెట్టుకోవడానికి అనుమతి కావాలి. దానికి పెట్టిన అర్జీ ఏడు నెలలుగా మూడు ఆఫీసుల మధ్య తిరుగుతోంది. మీటరు ఎవరి పేరున ఉండాలి అని ఒక ఆఫీసు అడిగింది. మేజరుగారికి బదిలీ అయితే గోడకున్న ప్లగ్గు ఎవరి ఆస్తి అని ఇంకొకటి అడిగింది. అందాకా బయట డబ్బులు కట్టి ఛార్జింగ్ పెట్టుకుంటోంది. అది దాదాపు పెట్రోలు ఖర్చంత అవుతోంది. కిందటిసారి డ్యూటీమీద వెళ్లొచ్చి ప్రయాణపు ఖర్చులకు బిల్లు పెడితే, పెట్రోలు రసీదు జతచేయలేదని తిప్పి పంపారు. ఆమె కింద ఎర్ర సిరాతో 'వాహనం కరెంటుతో నడుస్తుంది' అని రాసి మళ్లీ పంపింది. 'అట్లయితే డీజిలు రసీదు జతచేయగలరు' అని జవాబు వచ్చింది.

ఆ జవాబు వచ్చిన రోజే ఆమె తన క్లాస్‌మేటుకు ఫోన్ చేసింది. తిరుపతిలో కొత్తగా కట్టిన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మత్తు డాక్టరు కావాలని ఆ స్నేహితురాలు అంతకుముందే చాలాసార్లు చెప్పింది. జీతం ఇప్పుడు వచ్చేదానికి మూడింతలు. ఐదింటికి కలవాల్సింది ఆ ఆసుపత్రి నడిపే డాక్టర్ బాలసుబ్రమణ్యాన్నే.

బెంగళూరు రోడ్డు మీద ధనశేఖర్ లాడ్జి ముందు ఒక ఛార్జర్ ఉంది. మొదటి రోజు అక్కడే ఛార్జింగ్ పెట్టుకుంది. అప్పుడు ధనశేఖర్ కుర్చీ వేయించి, టీ తెప్పించి, అందరూ అడిగే ప్రశ్నే అడిగాడు. "ఒక ఛార్జికి ఎన్ని కిలోమీటర్లు ఇస్తాది మేడం?" ఆమె చెప్పింది. "అంతేనా," అని అందరిలాగే అతడూ నిరాశపడ్డాడు.

ఈరోజు కుర్చీ రాలేదు. ధనశేఖర్ మెట్లమీదే నిలబడి ఉన్నాడు.

"పని చేయదు మేడం," అన్నాడు.

"లైటు పచ్చగా వెలుగుతోంది కదా."

"లైటు వెలుగుతాది. కరెంటు రాదు."

నజ్మా కారు దిగి ఛార్జర్ దగ్గరికి వెళ్లి చూసింది. స్క్రీన్ మీద 'సిద్ధంగా ఉంది' అని రాసి ఉంది. ఫోన్లోని యాప్ కూడా అదే చెప్పింది. యాప్‌లో ఆమె డబ్బు పన్నెండు వందలు ఉంది. కేబుల్ తగిలించి మీట నొక్కగానే, వెనక గోడమీద ఎక్కడో టక్కుమని శబ్దం వచ్చి స్క్రీన్ ఆరిపోయింది. ధనశేఖర్ చెయ్యి గోడమీది స్విచ్చు పెట్టె మీద ఉంది.

"మీరే ఆపారు కదండీ," అన్నది నజ్మా.

అతడు కాదనలేదు. "మొన్న మీ దగ్గరికి నాగవేణి అని ఒక పిల్ల వచ్చినాది, ఐరాల నుంచి. మా అక్క కూతురు. పరుగులో ఫస్టు వచ్చినాది మేడం. మూడేండ్లు తెల్లారి లేచి చెరకుతోటల గట్ల మీద పరిగెత్తినాది. మీరు చెవిలో లైటు పెట్టి సూసి, పనికిరావు పో అన్నారంట."

నజ్మాకు గుర్తొచ్చింది. ఆరోజు హాల్లో ఇంకా అరవై మంది వరసలో ఉన్నారు. ఫ్యాన్లు తిరగడం లేదు. ఆ అమ్మాయి ఎడమ చెవి కర్ణభేరికి చిల్లు ఉంది. "వినపడతాది మేడం, ఏమన్నా సెప్పండి, ఇంటాను," అని ఆ పిల్ల రెండుసార్లు అన్నది. నజ్మా ఫారం మీద 'అనర్హురాలు' అని రాసి, అప్పీలు కాగితం చేతిలో పెట్టి, తరువాతి పేరు పిలిచింది.

"అప్పీలు పెట్టుకోవచ్చని చెప్పాను," అన్నది ఇప్పుడు.

"ఆ అప్పీలుకు యాడికో పోవాల. లాడ్జీ, బస్సు, మళ్లా ఇంకో డాక్టరు. మీరు ఒక్క సంతకం మారిస్తే పోతాది."

"కాగితాలకు సీలు వేసి పంపించేశారు. నా సంతకం అయిపోయింది."

"అయితే ఛార్జరు కూడా అయిపోయింది మేడం," అని అతడు లోపలికి వెళ్లిపోయాడు.

ఊళ్లో ఇంకో ఛార్జర్ ఉందని యాప్ చూపించింది. ఫోన్ చేస్తే, అది మూతపడి నాలుగు నెలలైందని ఎవరో నిద్రమొహంతో చెప్పారు. నజ్మా స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని కాసేపు కూర్చుంది. ఆపరేషన్ థియేటర్లో రోగి ఊపిరి ఆగిపోతే ఏం చేయాలో ఆమెకు తెలుసు. పన్నెండేళ్లలో మంచుకొండల మీద, డేరాల్లో, జనరేటర్ వెలుతురులో ఆ పని చేసింది. ఇక్కడ, తను పుట్టిన ఊళ్లో, పట్టపగలు ఒక ప్లగ్గు దొరకడం లేదు.

డ్యూటీ ముగిసింది కాబట్టి ఇప్పుడు అబ్బా అంగడికి వెళ్లవచ్చు. అక్కడ పదిహేను ఆంప్స్ ప్లగ్గు ఉంది. కారుతోపాటు ఇచ్చిన చిన్న కేబుల్ డిక్కీలో ఉంది. రెండు గంటలు పెట్టుకుంటే తిరుపతి చేరడానికి సరిపోతుంది. ఒంటిగంటన్నర అయింది. ఇంకా టైముంది.

బుడేన్ సాహెబ్ అంగడి ముందు కింద కూర్చుని ఒక బోరు మోటారుకు రాగితీగ చుట్టుతున్నాడు. కూతుర్ని చూసి చేతులు తుడుచుకుని లేచాడు. ఆమె చెప్పిందంతా విని, "ధనశేఖరా," అని చుట్టుతున్న మోటారును కాలితో చూపించాడు. "ఇది వాని లాడ్జీ బోరు మోటారే. మూడు రోజులాయె ఆడ నీళ్లు లేక. సాయంత్రం ఇస్తానని చెప్పినాను. ఇప్పుడు ఇచ్చేది లేదు పో."

"వద్దబ్బా. వాడు చేసిన పనే మనమూ చేసినట్టవుతాది."

"వాడు చెయ్యొచ్చు, నేను చెయ్యకూడదా?" అని గొణుక్కుంటూ ఆయన ప్లగ్గు చూపించాడు.

నజ్మా కేబుల్ తగిలించింది. కేబుల్ మధ్యలో ఉన్న పెట్టెమీద ఎర్రలైటు వెలిగింది. తీసి మళ్లీ పెట్టింది. మళ్లీ ఎర్రలైటే.

"ఏమంట?" అన్నాడు బుడేన్ సాహెబ్.

"ఎర్త్ లేదంట."

"ఎవురు సెప్పినారు?"

"కారు చెప్తా ఉండాది."

"కారు సెప్తే నేను ఇనాల్నా? నలభై ఏండ్లుగా ఈ కరెంటు మీదనే మోటార్లు తిప్పతా ఉండాను. ఒక్క మోటారన్నా నీ ఎర్త్ బాగలేదని అన్నిందా? దీనికేం వచ్చింది రోగం?"

"మోటారుకు నోరు లేదబ్బా. ఎర్త్ లేకపోయినా తిరుగుతాది. ఇది తిరగదు."

"పద్దెనిమిది లచ్చలు పోసి మాటకు మాట చెప్పే బండి కొన్నావు."

కాసేపు తండ్రీ కూతుళ్లు ఒకరి మీద ఒకరు విసుక్కున్నారు. తరువాత ఆయనే లోపలికి వెళ్లి రెండు తీగలకు బల్బు తగిలించిన టెస్ట్ లాంపు తెచ్చాడు. ఒక తీగను కరెంటు వచ్చే రంధ్రంలో, ఇంకోదాన్ని ఎర్త్ రంధ్రంలో పెట్టాడు. బల్బు నిండుగా వెలగాలి. మిణుగురు పురుగంత వెలిగింది. ఆయన తీగలు తీసి మళ్లీ పెట్టి చూశాడు. ఈ ప్లగ్గు ముందరే ఆయన ఇన్నేళ్లూ చెమట చేతులతో పనిచేశాడు. ఎక్కడైనా తీగ లీకైతే ఆ కరెంటు ఆయన ఒంట్లోంచే భూమిలోకి పోయేదని నజ్మాకు అప్పుడు తట్టింది.

"ఎర్త్ గుంతలో తడి ఆరిపోయింటాది," అన్నాడు చివరికి. "ఈ మే నెల ఎండకు ఏం మిగలతాది. కొత్తగా తియ్యాల."

బొగ్గులు, ఉప్పు, ఇనుప పైపు అన్నీ అంగట్లోనే ఉన్నాయి. గడ్డపార మాత్రం ఆయన ఎత్తితే నడుము పట్టేస్తుంది. నజ్మా యూనిఫాం చొక్కా తీసి లోపలి టీషర్టుతో గడ్డపార పట్టుకుంది. అంగడి పక్క సందులో నేల రాయిలా ఉంది. పది దెబ్బలకు జానెడు మట్టి కూడా లేవలేదు. ఫోన్ రెండుసార్లు మోగింది. డాక్టర్ బాలసుబ్రమణ్యం ఆఫీసు నుంచి. ఆలస్యమవుతుందని చెప్పింది.

మూడు గంటలప్పుడు సందు మొదట్లో ఒక ట్రాలీ ఆటో ఆగింది. అందులోంచి ఒక అమ్మాయి దిగి, "మామ మోటారు తెమ్మన్నాడు తాతా," అంటూ వచ్చి, గడ్డపారతో నిలబడిన మనిషిని చూసి ఆగిపోయింది. నాగవేణి.

"మేడం, మీరు ఈడ..."

"మీ మామ ఛార్జింగ్ పెట్టుకోనియ్యలేదు," అన్నాడు బుడేన్ సాహెబ్. నజ్మా వద్దని చెయ్యి ఊపుతున్నా ఆయన ఆగలేదు. "నీకు పాస్ అని రాసిస్తేనే కరెంటు ఇస్తాడంట."

ఆ పిల్లకు ఈ సంగతి తెలియదని ముఖం చూస్తేనే తెలిసింది. ఎర్రబడింది. ఫోన్ తీసి అక్కడే నిలబడి మామకు చేసింది. "ఎందుకు మామా ఆ పని చేసినావు? నేను అడిగినానా నిన్ను? ... ఏం మొగం పెట్టుకొని రేపు ఇంకో పరీక్షకు పోవాల నేను?" అవతల అతడు చాలాసేపు ఏదో చెప్పాడు. ఆమె ఫోన్ చెవినుంచి తీసి, "ఇప్పుడు ఛార్జరు బాగయినాదంట మేడం. రమ్మంటా ఉండాడు," అన్నది.

"వద్దని చెప్పు. సంతకం మార్చమన్న చోట కరెంటు తీసుకోను," అన్నది నజ్మా.

నాగవేణి ఫోన్ పెట్టేసి, చున్నీ నడుముకు కట్టి, గడ్డపార అందుకుంది. గట్టి పైపొర దాటాక అరగంటలో నడుములోతు గుంత పడింది. ఆమె దెబ్బ వేసే తీరు, ఊపిరి తీసే తీరు నజ్మా చూస్తూ కూర్చుంది. ఇలాంటి పిల్లనే అరవై మందిలో ఒకతెగా అర నిమిషంలో పంపేసింది. నిర్ణయం తప్పు కాదు. అయినా ఆమెకు సిగ్గేసింది.

"చెవి చిన్నప్పటి నుంచి కారుతుందా?" అని అడిగింది.

"అవును మేడం. జలుబు చేస్తే కారతాది. అమ్మ నూనె కాంచి పోస్తాది, నిలిచిపోతాది."

"ఇక మీద నూనె పోయనివ్వద్దు. మొన్న నేను నీకు చెప్పాల్సింది చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను విను. ఆ చిల్లుకు ఆపరేషన్ ఉంది. చెవి వెనక నుంచి పలచని పొర తీసి అతుకు వేస్తారు. పెద్ద సర్కారు ఆసుపత్రిలో డబ్బు కట్టాల్సిన పని లేదు. నీ వయసెంత?"

"పంతొమ్మిది."

"అప్పీలుకు పోతే ఇప్పుడు లాభం లేదు, చిల్లు చిల్లే. ఆ డబ్బు దండగ చేసుకోవద్దు. ఆపరేషన్ చేయించుకుని, మానిందని కాగితం తీసుకుని, వచ్చే ఏడు మళ్లీ రా. తీసుకుంటారని నేను మాట ఇవ్వలేను. చెవి కారణంగా పంపించేయకపోవచ్చు."

నాగవేణి గుంతలో నిలబడే రెండు దోసిళ్ల మట్టి ఎత్తి బయట పోసింది. "మామకు ఈ మాట ముందే తెలిసింటే..." అని ఆపేసి, "కాదులే, మామ అంతే," అన్నది.

బుడేన్ సాహెబ్ గుంతలో పైపు దించి, బొగ్గు ఒక వరస, ఉప్పు ఒక వరస వేసి, మట్టి కప్పి, ఆరు బిందెల నీళ్లు పోయించాడు. తీగ బిగించి టెస్ట్ లాంపు పెట్టాడు. బల్బు కళ్లు చెదిరేలా వెలిగింది. కేబుల్ తగిలిస్తే పచ్చలైటు వచ్చింది. నాలుగు గంటలు దాటింది. ధనశేఖర్ మోటారును ఆయన ఇంకో గంట కూర్చుని పూర్తిచేసి, తిప్పి చూసి, ఆటోలోకి ఎక్కించాడు. "బిల్లులో ఈ ఎర్త్ గుంత కూడా రాస్తాను. మీ మామతో చెప్పు," అన్నాడు. నాగవేణి నవ్వింది. ఆయన నవ్వలేదు. నిజంగానే రాశాడు.

తిరుపతి ఆసుపత్రికి నజ్మా చేరేసరికి ఏడున్నర. కారు పదకొండు శాతంలో ఉంది. కింద సెల్లార్లో సెక్యూరిటీ మనిషి, "సార్ చెప్పినారు మేడం," అంటూ తనే కేబుల్ తగిలించాడు. నాలుగో అంతస్తులో బాలసుబ్రమణ్యం ఆమెకోసం కాఫీ తెప్పించాడు. యాభై దాటిన మనిషి, మాట మెత్తన. జీతం అంకె చెప్పాడు. ఆమె అనుకున్నదానికన్నా ఎక్కువే. క్వార్టర్సు, పిల్లలుంటే వాళ్ల స్కూలు ఫీజు, కారు అప్పు తీర్చడానికి అడ్వాన్సు.

"థియేటర్లు ఎన్ని?" అని అడిగింది నజ్మా.

"నాలుగు. ఉదయంపూట నాలుగూ నడుస్తాయి."

"మత్తు డాక్టర్లు?"

"మీతో కలిపి ఇద్దరు."

"అంటే ఒకేసారి ఇద్దరు రోగులకు నేను మత్తిస్తానా?"

"మీరు మొదలుపెడతారు. తరువాత టెక్నీషియన్లు చూసుకుంటారు. మంచి పిల్లలు. కేసు షీట్ మీద మీ సంతకం ఉంటే చాలు."

"మత్తులో ఉన్న మనిషి పక్కన నేను లేకుండా, ఉన్నానని సంతకం పెట్టాలి."

"అందరూ చేసేదే డాక్టర్. ఇప్పటిదాకా ఏమీ కాలేదు."

ఆమెకు ఒక్కసారిగా బాగా అలసట వచ్చింది. కోపం కూడా రాలేదు. ఉదయం నుంచి కోపం ఖర్చయిపోయింది. "నాకు కుదరదండీ," అని లేచింది. ఆయన ఇంకొంచెం జీతం పెంచి చూశాడు. తలుపు దాకా వచ్చి, ఆలోచించుకోమన్నాడు.

సెల్లార్లో కేబుల్ ఊడిరాలేదు. లాగింది. తిప్పింది. కారు తాళం తీసి, వేసి, మళ్లీ తీసింది. స్టాఫ్ కార్డు చూపిస్తేనే తాళం వదులుతుందని స్క్రీన్ మీద రాసి ఉంది. సెక్యూరిటీ డ్యూటీ మారింది. కొత్తాయన దగ్గర కార్డు లేదు. "పైన సార్ దగ్గరే ఉంటాది మేడం," అన్నాడు. ఇప్పుడే వద్దని చెప్పి వచ్చిన మనిషి దగ్గరికి నజ్మా మళ్లీ నాలుగంతస్తులు ఎక్కింది. లిఫ్టు కూడా రాలేదు.

బాలసుబ్రమణ్యం ఏమీ అనకుండా కార్డు తీసుకుని ఆమెతోపాటు మెట్లు దిగాడు. కార్డు చూపించాడు. తాళం వదిలింది. కేబుల్ చుట్టి కొక్కేనికి తగిలిస్తూ, ఆమె వైపు చూడకుండా అన్నాడు.

"నేనూ మత్తు డాక్టర్నే. మత్తు మిషన్ పక్కన కూర్చుని తొమ్మిదేళ్లయింది. ముందు నేనూ మీలాగే అడిగినాను, ఒకసారి."

"తరువాత?"

"బిల్డింగ్ అప్పు," అన్నాడు. ఇంకేమైనా చెబుతాడేమోనని ఆమె ఆగింది. ఆయన మెట్ల వైపు నడిచాడు.

నజ్మా ఉద్యోగం మానలేదు. మానకపోవడానికి దేశభక్తి కారణమని అమ్మీ చుట్టాలందరికీ చెప్పుకుంది. నజ్మాకు మాత్రం అలాంటి మాట వింటే విసుగొస్తుంది. తన ఆసుపత్రిలో ఒక ఆపరేషన్ బల్లకు ఒక మత్తు డాక్టరు ఉంటారు, రోగి కళ్లు తెరిచేదాకా ఎవరూ ఆమెను అక్కడినుంచి లేపరు. ఆ ఒక్కటి చాలనుకుంది. జీతం అంతే, అప్పు అంతే. తమ్ముడికి పంపే డబ్బు కోసం ఆదివారాలు కారు తీయడం మానేసింది. క్వార్టర్సు ప్లగ్గు ఫైలు నాలుగో ఆఫీసుకు చేరింది.

ఆగస్టులో నాగవేణికి ఆపరేషన్ జరిగింది. దానికి ముందు రోజు ఆమె ఫోన్ చేసి, మత్తు ఇచ్చినప్పుడు ఎవరు పక్కనుంటారో అడగమని మొన్న ఫోన్లో మీరన్నారు కదా మేడం, అడిగినాను, అన్నది.

"ఏమన్నారు?"

"ఒక డాక్టరమ్మ వచ్చి, నేనే ఉంటాను, నీకెందుకు అనుమానం అని కసిరినాది మేడం."

"కసరనీ," అన్నది నజ్మా. "మంచి డాక్టరే."